ఎకరం వరుసనాటు

అమ్మన్నమ్మ ఒప్పుకుంది. వ్యవసాయశాఖలో కొత్తగా చేరిన శశికాంత్‌కి ప్రాణం లేచొచ్చింది.

కకిరిగుమ్మ దగ్గరి ఆ ఊళ్ళో వరి అంతా వెదజల్లడమే. ఒక్క ఎకరమైనా వరుసలో నాటించకపోతే పై ఆఫీసరు ముందు అతను తలెత్తుకోలేడు. నెల్లాళ్ళు గడపగడపా తిరిగాడు. విత్తనం బాగా మిగులుతుందన్నాడు. వరుసల మధ్య కలుపు యంత్రం హాయిగా తిరుగుతుందన్నాడు. వెదైతే ఒక్కడే జల్లేసి మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు, నాట్లకి అంతమందిని ఎవడు తెస్తాడని ఊరంతా నవ్వింది.

అమ్మన్నమ్మ నవ్వలేదు. "తాడు ఎంతమంది పట్టాలి?" అనడిగింది.

"ఇద్దరు. ఆ గట్టున ఒకరు, ఈ గట్టున ఒకరు. ఆడవాళ్ళు తాడు వెంట నాటుకుంటూ పోతారు. అదీ కష్టమనుకుంటే డ్రమ్ము సీడరు ఇస్తాను మామ్మా. ఒక్కడు లాగితే చాలు, గింజలు వరుసలో పడతాయి. డబ్బులక్కర్లేదు."

"ఒక్కడా? అదొద్దు బాబూ. తాడే."

తాడు పట్టడానికి తన మనుషుల్ని పంపుతానన్నాడు. అదీ వద్దంది.

నాట్ల రోజున దామంజోడిలో పనిచేసే ఆమె పెద్దకొడుకు అప్పన్న సెలవు పెట్టి వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. ఊళ్ళోనే ఉండే చిన్నకొడుకు మల్లేశు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ నోరు విప్పరు. తాడు వంకర్లు పోతోంది. అరిచి అరిచి శశికాంత్ గొంతు పోయింది. పదో వరుసకి అప్పన్నకి ఒళ్ళు మండింది.

"నీ యేపు లాగరా!"

"నువ్వొదిల్తే కదా లాగడానికి!"

అది మొదలు సాయంత్రం దాకా తిట్టుకుంటూనే ఉన్నారు. వరుసలు మాత్రం గీత గీసినట్టు వచ్చాయి. గట్టు మీద అమ్మన్నమ్మ తృప్తిగా తలూపుతుంటే శశికాంత్ ఫొటో తీసుకున్నాడు. 'రైతుకు పద్ధతి నచ్చింది' అని రిపోర్టులో రాసుకున్నాడు.

పంట ఆరు బస్తాలు ఎక్కువే పండింది. మరుసటి ఏడు తొలకరికి ముందే శశికాంత్ పరుగున వచ్చాడు.

"ఈసారి ఉన్న రెండెకరాలూ నాటేద్దామా మామ్మా?"

"లేదు బాబూ. ఈయేడు వెదే."

శశికాంత్ నీరుగారిపోయాడు. "అదేంటి మామ్మా? వరుసనాటుతో ఏం నష్టమొచ్చింది?"

"నష్టమేటీ లేదు బాబూ," అంది అమ్మన్నమ్మ. "పొలాలు పంచుకున్న కాణ్ణుంచి ఆరేళ్ళు మాటల్లేని నా కొడుకులిద్దరూ ఇప్పుడు బాగానే మాటాడుకుంటన్నారు, ఇంక తాడెందుకు?"