బూడిదలో మిగిలిన రాయి

దహనశాల వాళ్ళు ట్రేలో పోసిచ్చిన అత్తగారి బూడిదలోంచి బావగారు మెరిసే రాయి ఒకటి ఏరి పైకెత్తారు.

“చూశారా! వజ్రమంటే ఇదీ! అంత మంటలోనూ చెక్కుచెదరలేదు.”

ఆవిడ ఉంగరంలోని రాయది. నగల కొట్టున్న పెద్దకొడుకు కదా, బావగారే చేయించి తొడిగారు. ఆవిడ కోరిక ప్రకారం ఉంగరంతోనే దహనం చేశాం. ఆ వేలు ఆడించుకుంటూనే వజ్రాల్లా మెరిసే నా చవక జిర్కాన్ రాళ్ళ కమ్మల్ని బతికినన్నాళ్ళూ వెక్కిరించింది మహాతల్లి.

“నీ కమ్మలైతే ఈపాటికి బుగ్గయ్యేవమ్మా,” అన్నారాయన నాతో. అందరూ నవ్వారు. నా మొగుడు కూడా పళ్ళికిలించాడు.

నాకు ఒళ్ళు మండింది. పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పని నాది. జిర్కాన్ ఇసుక నుంచి తీసిన తెల్లపొడితో పన్ను చేసి, కొలిమిలో కాలుస్తాం. ఆ పళ్ళని అరగదీసే బిళ్ళకి వజ్రప్పొడి అంటించి ఉంటుంది. ఓసారి ఎవరో దాన్ని కొలిమిలో మరిచిపోతే, పొడి ఆనవాలు కూడా మిగల్లేదు. ఎంత వజ్రమైనా బొగ్గు జాతే మరి.

నేనూ బూడిదలోంచి ఒకటి ఏరాను. అత్తగారికి నేను చేసిన పన్ను. తెల్లగా అలాగే ఉంది.

“బావగారూ, వజ్రమైతే కాలిపోయేది. ఇంత మంటకి ఆగేది మా జిర్కాన్ సరుకే,” అంటూ పన్నుని ఆయన అరచేతిలో, ఆ రాయి పక్కనే పెట్టాను. “జిర్కాన్ అని నేను ఆవిడకి చెప్పే పెట్టాను. మీరు చెప్పకుండా పెట్టారు.”