రెండో వన్స్ మోర్

తెనాలిలో ఊరివాళ్ళు పెట్టుకున్న నాటకాల మ్యూజియం అది. చంద్రిక పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. చీకటి పడ్డాక చివరి క్యాసెట్ తెచ్చిన పెద్దావిడ శ్యామలాంబ పక్కనే కూర్చుంది. ఆవిడ భర్త ఇంట్లో హార్మోనియం పెట్టుకుని పాడుకున్న పద్యమది.

“రేపల్లెలో నాటకమాడుతుంటే జనం ఈ పద్యానికే రెండోసారి వన్స్ మోర్ కొట్టారమ్మా. ఆయన పాడుతూ పాడుతూ స్టేజీ మీదే పోయారు,” అంది శ్యామలాంబ.

పద్యం అయిపోయింది. టేపు ఆగింది. ఆ రాగానికి ఒళ్ళు మరిచిన చంద్రిక, చిన్నప్పటి నుంచీ నాటకాలు చూసిన అలవాటుకొద్దీ, “వన్స్ మోర్!” అనేసింది.

టేపు ఆగే ఉంది, కానీ స్పీకర్లోంచి హార్మోనియం మోగింది. అదే గొంతు పద్యాన్ని మళ్ళీ ఎత్తుకుంది. చివరి రాగం దగ్గర ఆయాసం వినపడింది.

చంద్రిక ప్లగ్గు పీకేసింది. గదిలో చప్పుడు లేదు.

“ఇంక అనకు తల్లీ,” అంది శ్యామలాంబ, ఆమె చెయ్యి పట్టుకుని.

చంద్రిక అనలేదు.

వెనక చీకట్లో, నాటకాలు చూసేవాళ్ళకి వేసే ఖాళీ కుర్చీల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో “వన్స్ మోర్!” అని అరిచారు.

శ్యామలాంబ స్పీకరు వైపు తిరిగింది. “వద్దండీ. మీకు దణ్ణం పెడతాను, పాడకండీ.”

స్పీకర్లో ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.