మూడు బిళ్ళలు

చెంప ఛెళ్ళుమనగానే శ్రీవల్లి చూసింది మొగుడి వైపు కాదు, సోఫా పక్కన పడుకున్న కుక్క బూందీ వైపు. అరవకే తల్లీ, నీకు దండం పెడతాను, అరవకు అనుకుంది మనసులో.

బూందీ అరవలేదు. ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, బరువెక్కిన కళ్ళతో అలా చూస్తూ ఉండిపోయింది.

“రోజుకి మూడు వెయ్యమన్నానా లేదా?” హర్షవర్ధన్ చేతిలో డబ్బా గలగల్లాడింది. “ఇందులో ఒకటి ఎక్కువెందుకుంది?”

“డబ్బా మీద ఒకటే వెయ్యమని ఉంది హర్షా. మూడేస్తే దానికి కాళ్ళు తూలుతున్నాయి. పొద్దున మెట్ల మీంచి పడింది. అందుకే రెండేశా.”

“నువ్వేమన్నా డాక్టరువా?”

రెండో దెబ్బ వీపు మీద పడింది.

అవి కుక్కలకి కంగారు తగ్గించే బిళ్ళలు. చామంతి పొడీ, ఇంకేవో విటమిన్లూ కలిపి, చికెన్ వాసన తగిలించి అమ్ముతారు. బూందీకున్న కంగారల్లా ఒక్కటే. ఈ మహానుభావుడు పెళ్ళాం మీద చెయ్యెత్తితే చాలు, ఇంటికప్పు ఎగిరిపోయేలా మొరిగేది. చెయ్యి దించేదాకా ఆపేది కాదు. నేపర్‌విల్‌లో వీళ్ళుండేది టౌన్‌హౌస్, పక్కింటికీ వీళ్ళకీ మధ్య ఒకటే గోడ. అవతల ఉండే మార్తా అనే ముసలావిడ, కుక్క గోల భరించలేకపోతున్నానని అసోసియేషన్‌కి రెండుసార్లు కంప్లైంట్ పెట్టింది. అక్కణ్ణుంచి ఇంకొక్క లెటర్ వస్తే దీన్ని కుక్కల షెల్టర్‌లో పడేసి వస్తానని హర్ష తేల్చేశాడు. తను కొట్టడం మానేస్తే అది మొరగడం మానేస్తుందన్న సంగతి మాత్రం ఆ ఇంజనీరు బుర్రకి తట్టలేదు! ఆన్‌లైన్‌లో రివ్యూలన్నీ చదివి మరీ బిళ్ళలు తెప్పించాడు.

అవి పనిచేశాయి. పన్నెండు రోజులుగా బూందీ నోరెత్తలేదు. శ్రీవల్లికి ఈ పరాయి దేశంలో నాది అనుకోడానికి ఉన్న ప్రాణి అదొక్కటే. అది కళ్ళెదుట ఉంటే చాలని, ఏడుపు దిగమింగుకుని రోజూ తన చేత్తోనే తినిపిస్తోంది.

“రెండింటికే ఊరుకుంది కదా హర్షా. చూడు, ఎలా పడుకుందో.”

“నాకే ఎదురు చెప్తావా?”

జుట్టు పట్టి ఈడ్చి తల గోడకేసి కొట్టాడు. గోడ మీది పెళ్ళి ఫొటో ఊడి కిందపడి, అద్దం ముక్కలైంది. “అమ్మా!” అంది శ్రీవల్లి. మళ్ళీ కొట్టాడు. “చచ్చిపోతాను, వదులు! స్టాప్ హర్షా, ప్లీజ్ స్టాప్!” గొంతు చించుకుని అరిచింది. నోట్లో ఉప్పగా రక్తం తగిలింది.

బూందీ లేవబోయింది. వెనక కాళ్ళు నిలవలేదు. కూలబడి సన్నగా మూలిగింది, అంతే.

“చూశావా,” అన్నాడు హర్ష రొప్పుతూ, “ఇల్లు ఇప్పుడెంత ప్రశాంతంగా ఉందో.” కిందపడిన మనిషిని డొక్కలో ఒక్క తన్ను తన్నాడు.

పావుగంట దాకా తిట్లూ తన్నులూ ఆగలేదు. ఇంకోసారి కాలెత్తేలోపు డోర్‌బెల్ మోగింది. హర్ష ఫోన్‌లో కెమెరా చూసి పళ్ళు నూరాడు.

“ఆ ముసల్దే. ఈసారి పోలీసుల్ని కూడా వెంటేసుకొచ్చింది. ఇందాక మూలిగింది కదా నీ కుక్క, విని ఉంటుంది. దాని పని అయిపోయింది. ఇప్పుడే అప్పగించేస్తా.”

శ్రీవల్లి గాజు పెంకుల మీద పాక్కుంటూ వెళ్ళి బూందీని వాటేసుకుంది. “వద్దు హర్షా, నీ కాళ్ళు పట్టుకుంటా. రేపట్నుంచి మూడేస్తా. నాలుగేస్తా. దాన్ని ఇచ్చెయ్యకు.”

హర్ష చొక్కా సర్దుకుని, మొహానికి ఇంత నవ్వు పులుముకుని తలుపు తీశాడు.

“సారీ ఆఫీసర్. కుక్క గురించేగా? సప్లిమెంట్స్ వాడుతున్నాం.” డబ్బా ఎత్తి చూపించాడు. “పన్నెండు రోజులుగా అసలు మొరగట్లేదు. కావాలంటే పక్కింటి ఈవిడనే అడగండి.”

పోలీసు ఆ డబ్బా వైపైనా చూడలేదు. హర్ష భుజం మీంచి లోపలికి చూసి, చేతులు వెనక్కి పెట్టమన్నాడు. రెండో పోలీసు సంకెళ్ళు తీశాడు. డబ్బా జారిపడి బిళ్ళలు గుమ్మమంతా దొర్లాయి.

మార్తా వాటిని తొక్కుకుంటూనే లోపలికొచ్చి, శ్రీవల్లి పక్కన నేల మీద కూర్చుంది. ముందు ఆమె తల నిమిరింది, తర్వాత బూందీ తల.

“దీన్ని తీసుకెళ్ళకండి,” అంది శ్రీవల్లి వెక్కుతూ. “నిజంగానే ఇది అరవట్లేదు.”

“తెలుసు,” అంది మార్తా. “అది ఊరుకున్నాకే కదమ్మా, గోడవతలికి నీ అరుపు వినపడింది.”