అద్దం వెనక ఇద్దరు

...దొంగే కాకపోతే, అందరూ ఏడ్చేచోట నవ్వే మనిషి ఎవడైనా ఉంటాడా?

బుకింగ్ గదిలో కూర్చుని వెర్నా ఈ మాటను మనసులో తిప్పుతూనే ఉంది. తిప్పినకొద్దీ అనుమానం గట్టిపడుతోందే తప్ప అరగడం లేదు.

అద్దం అవతల, మంచు కరిగి బురదైన వీధిలో, అదే బూడిదరంగు కోటు. అతనే. మళ్లీ అదే సినిమాకి.

సినిమాలు పంపే కంపెనీ నుంచి పోయిన వారం ఫోన్ వచ్చింది. ఈ చుట్టుపక్కల ఏదో హాల్లో కూర్చుని ఎవడో కొత్త సినిమాలు దొంగచాటుగా కెమెరాతో తీసుకుపోతున్నాడట. అది వెర్నా హాల్లోనే అని తేలితే ఇక కొత్త బొమ్మ ఒక్కటీ రాదు. తండ్రి ఆమె పేరే పెట్టి కట్టిన హాలు. ఇనుప గనులు మూతబడ్డాక ఆ ఊళ్లో సాయంత్రం జనం కలిసే చోటు అదొక్కటే మిగిలింది.

ఆమె మైకు మీట నొక్కింది.

"ఈ సినిమా చూశారుగా. మళ్లీనా?"

అతను ఆమె కళ్లలోకి చూడలేదు. ఎప్పటిలాగే నోటివైపు చూశాడు. ఆ చూపే ఆమెకు గిట్టదు.

"నచ్చి కాదు మేడమ్." గొంతు కాస్త పెద్దది, ఎత్తుపల్లాలు లేనిది. "ఇప్పటి ఏడుపు సినిమాలు నాకు పడవు. చీకట్లో మాట్లాడతారు. అటు తిరిగి మాట్లాడతారు. పైగా మగాళ్లందరికీ గడ్డాలొకటి."

"గడ్డాలు మిమ్మల్నేం చేశాయి?"

"సగం సినిమా మింగేస్తాయి. మీరు ఆదివారాలు వేసే పాత కామెడీలున్నాయే, వాటిలో ఎంత వెధవ జోకైనా వెలుతురులో నిలబడి, మనకేసి తిరిగి చెప్తారు. మర్యాదంటే అది."

"కొత్త కామెడీలు మర్యాదగా లేవా?"

"ముగ్గురు ఒకేసారి మాట్లాడతారండీ. నేనెవర్ని చూడను?"

"మరి ఈ ఏడుపు సినిమాకి రెండోసారి ఎందుకు వచ్చినట్టు?"

"హోటల్ సీను కోసం," అని నవ్వాడు.

వెర్నా వేలు మీట మీంచి జారింది. మైకు దీపం ఆరింది.

హోటల్ సీను. కిటికీ అద్దం వెనక మొగుడూ పెళ్లాం విడిపోతుంటారు. వాళ్ల మాటలు మనకు వినిపించవు, వయొలిన్ ఒక్కటే. మొన్న చర్చి ఆడవాళ్లందరూ ముక్కులు చీదుతుంటే, ముందు వరసలోంచి ఇతనొక్కడే పగలబడి నవ్వాడు.

ఆమె వెనక్కి సగం తిరిగింది. ఆపరేటర్ గస్ స్టూలు మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు.

"విన్నావా? హోటల్ సీనట. అక్కడే నవ్వుతాడు, అక్కడే కోటు సర్దుకుంటాడు. ఆ కోటులో కెమెరా లేకపోతే నా పేరు మార్చుకుంటాను."

"నువ్వు పేరు మార్చుకుంటే బయట బోర్డు కూడా మార్చాలి. ఆ నిచ్చెన నేను ఎక్కలేను," అన్నాడు గస్. "అంత అనుమానమైతే కోటు విప్పమను."

"అడిగితే చూపిస్తాడా? మొహం చూస్తేనే తెలియడం లేదూ, దొంగని? లైట్లు ఆరాక నువ్వెళ్లి జేబులు తడుము."

అద్దం దళసరిది. మైకు ఆపితే లోపలి మాట బయటికి పోదు. చిన్నప్పటి నుంచీ ఆమెకు అదే ధైర్యం. దాని వెనక కూర్చుని ఊళ్లో అందర్నీ ఏదో ఒకటి అనడం, ఇటు తిరిగి నవ్వుతూ టికెట్ ఇవ్వడం.

ఇప్పుడూ నవ్వుతూ తిరిగింది.

అతను నవ్వలేదు.

కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. లోపలి జేబులు కూడా బయటికి లాగి చూపించాడు. చేతిగుడ్డ, పిప్పరమెంట్ డబ్బా, ఊలు గ్లౌజులు. వాటిని అద్దం ముందు పెట్టి, ఆమె చూసేదాకా ఆగి, మళ్లీ జేబుల్లో కుక్కుకున్నాడు. టికెట్ అడగకుండా వెళ్లిపోయాడు.

వెర్నా మైకు దీపం వంక చూసింది. వెలగడం లేదు.

"వాడికెలా వినపడింది?" అన్నాడు గస్.

ఒక గ్లౌజు అద్దం ముందే ఉండిపోయింది.

"ఏమండీ, మీ గ్లౌజు," అని మైకులో పిలిచింది. అతను తిరగలేదు. గస్ తలుపు తీసి కేకేశాడు. తిరగలేదు. కోపం కాబోలు అనుకుంది.

మలుపు దగ్గర మంచు తోసే బండి అతని వెనకే వచ్చి, చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టి, పక్కకు తప్పుకుని పోయింది. అతని అడుగు తడబడలేదు. భుజమైనా అదరలేదు.

చీకట్లో మాట్లాడతారు. అటు తిరిగి మాట్లాడతారు. నేనెవర్ని చూడను?

వెర్నా గ్లౌజు పట్టుకుని పరిగెత్తింది. కోటు వేసుకోలేదు. ఊరి పక్క సరస్సు మీంచి వచ్చే గాలికి మఫ్లర్‌ను ముక్కుదాకా లాక్కుని, అతన్ని దాటి ఎదురుగా నిలబడింది. గ్లౌజు అందించింది.

"ఆ అద్దం వెనక ఇద్దరూ... ఏమనుకుంటారు?"

అతను మఫ్లర్ వైపు వేలు చూపించాడు. ఆమె దాన్ని కిందికి లాగి మళ్లీ అడిగింది.

"సినిమాలో వాళ్లా? మధ్యాహ్నం పెట్టిన చేప బాగాలేదంటాడు అతను. ముల్లు గుచ్చుకుందా అని అడిగి ఆవిడ బావురుమంటుంది. సౌండు లేదుగా, నోటికొచ్చింది వాగేశారు." నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "మీ అద్దం వెనక ఇద్దరి మాటలు చూసి కూడా నవ్వుకుందామనే అనుకున్నాను, మేడమ్. చలికాలమంతా అనుకున్నాను."

అతను గ్లౌజు తొడుక్కుంటున్నాడు.

వెర్నా అతని మోచేయి తాకి, అతను తలెత్తేదాకా ఆగి, వెలుతురు తన మొహం మీద పడేలా తిరిగి నిలబడి, గొంతు లేకుండా, పెదవులతో మాత్రం నెమ్మదిగా, క్షమించమని అంది.