ఒక్క కాయ

పెద్దమనిషి లబేజా మీద ఒజారాకి కడుపుమంట. ఒజారా తమ్ముడు కెప్టెన్ ఓతిమ్ శత్రువుల చెరలో చనిపోయాడు, శవం రాలేదు. అలాంటప్పుడు శవానికి బదులు యాగో చెట్టు కాయను గుడ్డలో చుట్టి పాతిపెడతారు. లబేజా ఆ గొయ్యి ఒజారా జొన్నచేలోనే తవ్వించాడు.

ఆ రాత్రి చేలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "బారు తీరండి!"

"కాయెక్కడైనా కవాతు చేస్తుందా? పడుకోవయ్యా," అని భార్య లాకేర్ నవ్వింది.

బూట్ల చప్పుడు మొదలైంది. అది ఒక్కడిది కాదు. జొన్నకర్రలు విరుగుతున్నాయి. లాకేర్ నవ్వు ఆగిపోయింది.

"వాడితో పాటు చెరలో పోయిన జవాన్లకి ఎవరూ కాయలు పాతలేదే," అన్నాడు ఒజారా. "వాళ్లని వదిలి వాడెన్నడైనా పడుకున్నాడా?"

చప్పుడు గుమ్మం దాకా వచ్చి నిలిచిపోయింది.

"అన్నా, చోటు చాల్లేదు."

"చేనంతా తీసుకోరా," అన్నాడు ఒజారా, తలుపు తీయకుండానే. "ఉన్నదే ఎకరన్నర."