ముళ్లదారి సేవ

పనులన్నీ యంత్రాలే చేస్తున్న రోజులివి. ఒళ్లు వంచి దేవుడికి సేవ చేద్దామంటే, కొండదారిలో పొదలు కొట్టడం ఒక్కటే మనుషులకు మిగిలింది. రెండేళ్లు ఎదురుచూశాక మా దంపతులకు ఒక పూట దొరికింది.

చెమటలు కారుతుండగా ఇరవై గజాలు బాగుచేశాం. వెనక్కి చూస్తే, దేవస్థానం యంత్రం మేము కొట్టినచోటే ముళ్లమొక్కలు నాటుకుంటూ వస్తోంది.

"ఇదేమిటి నాయనా?" అన్నాను.

"మధ్యాహ్నం బ్యాచ్ భక్తులకండీ," అంది వినయంగా.

అంతలో పైడితల్లి అనే ముసలామె కొబ్బరికాయతో వచ్చింది. మనవరాలి జబ్బు నయమైతే నడిచి కొండెక్కుతానని మొక్కుకుందట.

"ఈ దారి సేవకేనండీ, నడవకూడదు," అంది యంత్రం.

"నడవడానికి కాపోతే దారెందుకు బాబూ?" అని ఆమె నావైపు తిరిగింది. "మూడుసార్లొచ్చినాను, మూడుసార్లూ తిప్పేసినాది. మొక్కు తీర్చకపోతే సామి నన్నేటనుకుంటాడు?"

స్వామి నన్నేమనుకుంటున్నాడో నాకూ తెలియలేదు.

"చూస్తారేం? మీరు ముందు కొట్టండి, మేం వెనకాల వస్తాం," అంటూ మా ఆవిడ సత్యవేణి ఆమె చెయ్యి పట్టుకుంది.

అలా పొదలు కొట్టుకుంటూ కొండెక్కాం. గుడి ముందు పైడితల్లి కొబ్బరికాయ కొట్టేసరికి నా ఫోన్‌కి సందేశం వచ్చింది: "దారిలో మనుషులను నడిపించిన కారణంగా మీ సేవ రద్దు చేయడమైనది."