సగం గ్లాసు

తడిదేశం సరిహద్దులో కూలికొచ్చే వాళ్లకే ప్రవేశం. దాహంతో పారిపోయి వచ్చేవాళ్లను, గ్లాసు నీళ్లు తాగే తీరును బట్టి కెమెరా కనిపెట్టి వెనక్కి పంపిస్తుంది.

"సగమే తాగల్ల. మిగిలిండేదాని వైపు సూడొద్దు," అని ఓబులేసు దారి పొడవునా భార్య ఈరమ్మకు నూరిపోశాడు. తను ముందుగా గేటు దాటి, అవతల నిలబడి చూస్తున్నాడు.

"ఎందుకొస్తున్నావు?" నిండు గ్లాసు ముందుకు జరుపుతూ అధికారిణి అడిగింది.

"కూలి పనికి మేడమ్."

ఈరమ్మ సగం తాగింది. గొంతు ఇంకా మండుతున్నా గ్లాసు కింద పెట్టి గోడకేసి చూసింది. కెమెరా మీద పచ్చదీపం వెలిగింది.

"వెళ్లు," అంటూ అధికారిణి మిగిలిన నీళ్లు సింకులోకి వంచింది.

వాళ్ల ఊళ్లో ఎవరు నీళ్లు వంచినా పక్కవాళ్లు కింద చేతులు పెడతారు. ఈరమ్మ దోసిలి పట్టేసింది.

దీపం ఎర్రబడింది. అవతలి నుంచి ఓబులేసు అరుస్తున్నా, ఆమె ఆ నీళ్లు ఒలకనీయలేదు.